అక్క మిల్లు, అబ్బాయి షేరు

చీటీ డబ్బు చేతికొచ్చిన రోజున ఆడదానికి సలహాలకు కొదవుండదు. నాకొచ్చినవి రెండు లక్షలు. మా అబ్బాయి షేర్లు కొనమన్నాడు. తాండూరులో ఉన్న మా అక్క తన పప్పుమిల్లులో పదోవంతు వాటా తీసుకోమంది. మావారు పేపరు చాటున దాక్కున్నారు.

అబ్బాయి చెప్పింది వినండి. 2021 జూలైలో జొమాటో షేరు 76 రూపాయలకు జనానికి అమ్మారు. కంపెనీకి అప్పటికి నష్టాలే. సొంతానికి ఒక్క పొయ్యి కూడా లేదు. ఎవరో వండింది ఇంకెవరింటికో చేర్చి, మధ్యలో కమీషన్ తీసుకుంటుంది. అయినా మార్కెట్లోకి వచ్చిన మొదటిరోజే షేరు వంద దాటింది! "కొత్త ఊళ్లో వ్యాపారం పెట్టాలంటే వంటిల్లు కట్టక్కర్లేదమ్మా, అందుకే ఆ ధర" అన్నాడు.

సరే, మిల్లు కూడా చూద్దామని వికారాబాదులో రైలెక్కాను. తాండూరు దగ్గర పడేసరికి నాపరాళ్ల గుట్టలు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఇక్కడా ఒక ఫ్యాక్టరీ ఉన్న పెన్నా సిమెంటును కొనడానికి 2024 జూన్‌లో అంబుజా 10,422 కోట్లు ఖరీదు కట్టింది. కడుతున్నవి కూడా కలిపి ఏడాదికి కోటీ నలభై లక్షల టన్నుల సామర్థ్యం. అంటే టన్నుకు ఏడువేల నాలుగొందల చిల్లర. ఎంత కొలిమి ఉంటే అంతే సరుకు కదా! అందుకే సిమెంటును టన్నుల్లో తూస్తారు, జొమాటోను ఆశల్లో.

మరి అక్క మిల్లో? తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పప్పు రుచికి వంక పెట్టలేం. కానీ పంట చేతికొచ్చే నెలల్లోనే కందులన్నీ కొని పెట్టుకోవాలి. ఆ డబ్బంతా గోనెసంచుల్లో నిద్రపోతుంది. ధర పడిందా, సంచుల్లోనే కరిగిపోతుంది. లెక్క వేసుకుని, రెండు లక్షలకు ఐదోవంతు అడిగాను.

అక్క మొహం చిన్నబోయింది. "ఇరవయ్యేండ్ల కష్టం. నా విలువ గింతేనా?" అంది.

చిక్కంతా అక్కడే ఉంది. డబ్బు పెట్టేవాళ్లు చూసేది రేపటి రాబడి ఏ దారిన వస్తుంది, మధ్యలో ఎంత ఇరుక్కుంటుంది అని. అవతలివాళ్లకు వినపడేది మాత్రం తమ చెమటకు కట్టిన ఖరీదు.

"ధర మిల్లుకక్కా, నీక్కాదు" అని, మూలనున్న చిన్న మర చూపించాను. రైతులు తమ కందులు తెచ్చి, కూలి ఇచ్చి పప్పు పట్టించుకునేది అక్కడ. "లాభం తక్కువే కావచ్చు. కానీ సరుకు వాళ్లది, కూలి నీది. దీన్ని పెంచుతానంటే నాకు పదోవంతే చాలు."

అక్క చాలాసేపు మాట్లాడలేదు. మధ్యాహ్నం విస్తట్లో వేడిపప్పు వడ్డిస్తూ, "దీనికెంత కడ్తవే?" అంది.

తల వంచుకుని తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా.