మా తాత విల్లుకు అలమార

మా గూడెం ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పోయే దోవకు లోపలగా, నల్లమల అంచున ఉంది. మేము చెంచులం. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. ఈ ఎండాకాలం సెలవుల్లో మా నాయన, నేను కలిసి ఒక కొయ్య అలమార చేసినాము. ఆ సంగతే రాస్తున్నాను.

మా తాత చనిపోయి నాలుగేండ్లయింది. ఆయన సామాన్లు చూరులో, మంచం కింద పడి ఉండేవి. వెదురు విల్లు, ఇనుప మొన అమ్ములు మూడు, చెకుముకి రాయి, కొండతేనెకు దిగే తీగతాడు ముక్క, నీళ్ళ సొరబుర్ర. సంక్రాంతికి అహోబిలంలో పారువేట మొదలయ్యేటప్పుడు తాత ఆ విల్లు పట్టుకొనే పోయేవాడు. చెంచులక్ష్మి మా ఇంటి ఆడబిడ్డ. అందుకని నరసింహస్వామిని మావాళ్ళు బావ అంటారు.

పోయినేడు ఒకాయన కారులో వచ్చి, సొరబుర్రను చూసి, రెండు వందలిచ్చి తీసుకుపోయినాడు. నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను. అమ్మకు ఆ దినం బియ్యానికి డబ్బు లేదు, ఆమె తప్పేమీ లేదు. కానీ జేజి రెండు దినాలు కూడు తినలేదంట. సెలవులకు పోయి చూస్తే విల్లుకు ఒక కొనన చెద పట్టి ఉంది.

నాయన నంద్యాలకు బేల్దారి పనికి పోతాడు. అక్కడ ఒక ఇంట్లో అద్దాల షోకేసులో కొండపల్లి బొమ్మలు చూసినాడు. "తాతవి కూడా అట్లా పెడదామా పాపా" అన్నాడు.

కొయ్య యాడ తేవాల? చుట్టూ అడవే, కానీ చెట్టు కొట్టకూడదు. మాది పులుల అడవి, 1983లో ప్రాజెక్టు టైగర్‌లో చేరింది. 2006 అటవీ హక్కుల చట్టంలో తేనె, మైనం, వెదురు తెచ్చుకునే హక్కు ఉంది గాని కలపకు లేదని మా సోషల్ సారు చెప్పినారు. ఆ మాట జేజికి చెప్తే "తేనె మనదంట, తేనెపట్టు ఉండే కొమ్మ మనది కాదంట" అని నవ్వింది. నాయన ఆళ్ళగడ్డలో పాత తలుపులు అమ్మేచోట వేపచెక్క తలుపు ఒకటి ఆరు వందలకు కొని ఆటోలో తెచ్చినాడు. అడవిలో ఉండి టౌనులో చెక్క కొన్నామని గూడెమంతా ఒకటే నవ్వు.

నాయనకు టేపు మీది అంకెలు రావు. ఆయన కొలత జాన, మూర. కాబట్టి కొలిచే పని నాది. గోడకు, తలుపుకు మధ్య చోటు 92 సెంటీమీటర్లు. అరలకు 90 చొప్పున గీత గీసినాను. నాయన రంపంతో మూడు పలకలు కోసినాడు. బిగించి చూస్తే పట్టలేదు! రెండు పక్క చెక్కల మందం, ఒక్కొక్కటి రెండున్నర, నేను కలపలేదు. మొత్తం 95 అయింది. అందరూ చూస్తున్నారు, తొమ్మిది చదివే పాప కొలిచింది కదా అని. నాకు ఏడుపొచ్చింది. నాయన ఏమీ అనలేదు. మూడు పలకలూ నాలుగేసి సెంటీమీటర్లు మళ్ళీ కోసినాడు. మరుసటి దినం నుంచి నేను కొలిచినాక ఆయన కూడా జానతో ఒకసారి చూసుకుంటున్నాడు.

చిత్రిక లేదు, గాజుపెంకుతో గీకి నునుపు చేసినాము. చెద ఎక్కకుండా వేపనూనె రెండుసార్లు పూసి, కాళ్ళ కింద బేతంచెర్ల బండ ముక్కలు పెట్టి, గోడకు నాలుగు వేళ్ళ దూరం జరిపినాము. విల్లు అరలో పట్టదని ముందే తెలుసు. పై పలకకు రెండు కొయ్యమేకులు కొట్టి అడ్డంగా పెట్టినాము, కొనలు రెండూ బయటికే ఉంటాయి. రెండో అరలో అమ్ములు, చెకుముకి, తీగతాడు. పక్కనే నేను ఏరిన గింజలు సీసాల్లో పెట్టినాను: గురిగింజ, కానుగ, ఇప్ప, చిల్లగింజ. చిల్లగింజను కుండలో అరగదీస్తే బురదనీళ్ళు తేటపడతాయి. ఇది జేజి చూపించింది, సైన్సు పుస్తకంలో లేదు.

మూడో అర సొరబుర్రకని ఖాళీగా ఉంచినాను. నాయన ఈసారి కొత్తది ఎండబెడతానన్నాడు. నేను బడికి వచ్చే దినం చూస్తే జేజి అందులో ఉప్పు డబ్బా పెట్టి ఉంది. తియ్యమన్నా తియ్యలేదు.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని