పక్కింటామె బాధ

గోలేటి కాలనీలో మా చిన్నమ్మ ఇంటికి ఫైళ్ళు వస్తుంటాయి. ప్లాస్టిక్ కవర్లో స్కానింగ్ ఫిల్ము, రక్తపరీక్షల కాగితాలు, పైన ఏదో పట్నం దవాఖాన పేరు అచ్చేసిన అట్ట. చిన్నమ్మ డిస్పెన్సరీలో ఆయమ్మగా ఇరవై ఏడేళ్ళు చేసి దిగిపోయింది. ఇంగ్లీషు చదవడం రాదు గానీ 'యుటెరస్' అన్న మాట ఏ మూలనున్నా వేలు పెట్టి చూపిస్తుంది. వచ్చినవాళ్ళు ఫైలు ఆమె ఒళ్ళో పెట్టి ఒకటే అడుగుతారు: "తీసేయించుకోమన్నరక్కా. తీయించుకోవాల్నా?"

ముప్పై అయిదేళ్ళు నిండనివాళ్ళూ అడుగుతారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి 3.2. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. హైదరాబాద్ డాక్టర్ దంపతులు కామేశ్వరి, వింజమూరి సూర్యప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో ఈ ఆపరేషన్ల వెంటపడి ఆరా తీసింది అంతకు ఎన్నో ఏళ్ళ ముందే. తెల్లబట్ట అవుతోందనో నడుం నొప్పనో వెళ్ళి, సంచి తీయించుకుని వచ్చిన కథలు మా కాలనీలోనూ వరసకొకటి దొరుకుతాయి.

అందుకే ఒక చలికాలం చిన్నమ్మను గడ్చిరోలి తీసుకుపోదామనుకున్నాను. ఆడవాళ్ళ బాధల మీద పరిశోధన చేసినవాళ్ళ ఊరు చూసొద్దామంటే ఆమె ముఖం ముడిచింది. "పరిశోధనంటే సూదులు పొడిచి చూసుడేనా బిడ్డా? కొత్తగూడెంల ఏమైంది?"

ఆమె మర్చిపోలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారని బయటపడి గోలయ్యాక 2010 ఏప్రిల్‌లో ఆపారు. టీకాతో నాకు పేచీ లేదు. అడగకుండా వేసిన పద్ధతితోనే పేచీ. కానీ చిన్నమ్మకు ఆ తేడా చెప్పడం అంత తేలిక కాలేదు. చివరికి దారిఖర్చులు నావేనన్నాక కదిలింది.

ఆసిఫాబాద్ రోడ్‌లో రైలెక్కి కాగజ్‌నగర్, సిర్పూర్ దాటి, వార్ధా వంతెన మీదుగా బల్లార్షా. చంద్రాపూర్ నుంచి బస్సులో గడ్చిరోలి వెళ్ళే దారిలో వైన్‌గంగ. ఈ రెండు నదులూ కిందికొచ్చి తుమ్మిడిహెట్టి దగ్గర కలిస్తే మన ప్రాణహిత. "మన నీళ్ళకే ఎదురు పోతున్నమన్నట్టు," అంది చిన్నమ్మ, కిటికీలోంచి తల తిప్పకుండా.

మేం చూడవచ్చిన శోధగ్రామ్ గడ్చిరోలి దాటాక ధానోరా రోడ్డు మీద, చాత్‌గావ్ దగ్గర. చెట్ల మధ్య పొట్టి పొట్టి ఇళ్ళు. దవాఖాన ఎక్కడుందని చిన్నమ్మ అడిగితే, తిప్పి చూపిస్తున్న అమ్మాయి మేం నిలబడ్డ చోటే చూపించింది. దవాఖాన ఎలా ఉండాలని కట్టకముందే గోండులను అడిగారట. పెద్ద బిల్డింగులంటే భయం, మా ఇళ్ళలా ఉండాలి, వెంట వచ్చినవాళ్ళం పక్కనే ఉండాలి అన్నారట వాళ్ళు. పేరు వాళ్ళ దేవతదే, మా దంతేశ్వరి. ఇంకో మాట కూడా అన్నారని చెబుతారు: మేం తెల్లగుడ్డ కప్పేది శవానికి, మీరు తెల్లబట్టలు కట్టుకుని ప్రాణం ఎట్లా పోస్తారని. చిన్నమ్మ నవ్వలేదు. ఇరవై ఏడేళ్ళు డ్యూటీకి తెల్లచీరే కట్టింది మరి.

రాణీ బంగ్, అభయ్ బంగ్ అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదువుకుని వచ్చి 1986లో ఇక్కడ 'సర్చ్' సంస్థ పెట్టారు. రాణి స్త్రీవైద్య నిపుణురాలు. వాసా, అమిర్జా అనే రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను పరీక్షించారు. 1989 జనవరిలో 'లాన్సెట్' పత్రిక అచ్చేసిన ఆ వ్యాసం ప్రకారం నూటికి 92 మందికి ఏదో ఒక గర్భకోశ వ్యాధో లైంగిక వ్యాధో ఉంది. సగటున మనిషికి 3.6 జబ్బులు. బాధ ఉందని నోరు విప్పి చెప్పినవాళ్ళు నూటికి 55 మందే. అంతకుముందు ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి 8 మంది. అప్పటిదాకా పల్లెటూరి ఆడదాని ఆరోగ్యమంటే సర్కారుకు కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అంతే. 1994 కైరో జనాభా సదస్సులో ఆ చూపు మారడానికి తోడ్పడ్డ పనుల్లో ఈ చిన్న వ్యాసాన్నీ చెప్పుకుంటారు.

వ్యాసం కింద ఆరు పేర్లున్నాయి. బంగ్ దంపతులు కాక బైతులే, చౌధరి, సర్ముకద్దం, తాలే. ఆ నలుగురినీ తలుచుకునేవాళ్ళు తక్కువ. ఇక ఆ 650 మంది పేర్లు ఎక్కడా ఉండవు, ఉండకూడదు కూడా. బల్ల మీద పడుకోవడానికి ఒప్పుకున్నది మాత్రం వాళ్ళే.

"ఒప్పుకున్నరా!" చిన్నమ్మకు నమ్మకం కుదర్లేదు. "మా దగ్గర ఎవ్వలూ 'నాకు' అనరు. 'మా పక్కింటామెకు గిట్లయితాందట, మందుంటే ఇయ్యి' అంటరు. ఆ పక్కింటామె ఎవలో నాకు ఎరుకే. మందు కాగితంల కట్టి, ఆమెకే ఇయ్యి అని ఈమె చేతిల పెడుదును."

ఇరవై ఏడేళ్ళ పాటు ఆమె చేసిన సర్వే అది. ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు.

రాణీ బంగ్ మరాఠీలో రాసిన పుస్తకం పేరు 'కానోసా', చెవి ఒగ్గి వినడం. పేరుకు అర్థం అడిగి తెలుసుకున్నాక మేమిద్దరం కాసేపు మాటల మీదే పడ్డాం. మరాఠీలో ఒంటి మీదుగా తెల్లగా పోతోంది అంటారు. మనం తెల్లబట్ట అంటాం. వాళ్ళ మాటలో ఒళ్ళుంది. మనం బట్ట దగ్గరే ఆగిపోయాం. ముట్టయితే దూరముంది, బయటుంది, తలకు పోసుకోలేదు అంటామే తప్ప అసలు మాట అనం. సర్వే కాగితం పట్టుకుని వచ్చే పిల్లకు ఈ డొంకతిరుగుడు తెలియకపోతే అవును, కాదు గళ్ళు నింపుకుని పోతుంది. గడిలో రాసింది పక్కింటామె సంగతేనని దానికెలా తెలుస్తుంది?

తిరిగొచ్చిన మర్నాడు మధ్యాహ్నం. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్‌కు వంటింట్లో గిన్నెలు చిన్నగా మోగాయి. వెనక వరసలో ఉండే అమ్మాయి కవరు పట్టుకుని గడప దగ్గర నిలబడింది. చిన్నమ్మ అలవాటుగా చెయ్యి చాచి అందుకుంది, సగం తెరిచింది, మళ్ళీ మూసి పీట కింద పెట్టింది.

"కూసో. ఎన్నొద్దుల సంది?"

"నాకు కాదక్కా, మా ఆడిబిడ్డకు..."

"సరే, మీ ఆడిబిడ్డకే. ఎన్నొద్దుల సంది?" అంటూ చిన్నమ్మ లేచి తలుపు దగ్గరికేసి, నన్ను బయటికి పొమ్మని సైగ చేసింది.