ఫ్లెక్సీ లేని పుట్టినరోజులు

2020 మార్చి 25, ఉగాది. లాక్‌డౌన్ మొదటి రోజు. ఆర్ఆర్ఆర్ టైటిల్ లోగో, మోషన్ పోస్టర్ వదులుతూ రాజమౌళి టీమ్ అభిమానులకో విన్నపం చేసింది: ఆన్‌లైన్‌లోనే చూడండి, ప్రింట్లు తీసి కట్టకండి అని. ఆ మాట బెజవాడ అభిమానికి ఎంత కష్టమో గాంధీనగర్ థియేటర్ల ముందు రిలీజ్ రోజు పొద్దున్న నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఆ ఏడాది హీరోల పుట్టినరోజులన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. కటౌట్ బదులు కామన్ డీపీ, బాణసంచా బదులు సాయంత్రం ఫలానా టైముకి హ్యాష్‌ట్యాగ్. గుడివాడ కుర్రాడూ, డల్లాస్‌లో ఉన్న అన్నయ్యా ఒకే ట్రెండ్‌లో. బాగానే ఉంది. మరి ఫ్లెక్సీలో హీరో కాళ్ల దగ్గర వరసగా ఉండే పాస్‌పోర్ట్ సైజు ఫొటోల సంగతి? అసోసియేషన్ కుర్రాళ్లు చందాలు వేసుకునేది సగం వాటికోసమే కదా! కామన్ డీపీలో వాళ్లకి చోటు లేదు. అన్ని ట్వీట్లలో తనదేదో వాళ్లమ్మకి కూడా చూపించుకోలేడు పాపం.

సెప్టెంబర్ 2న, సరిగ్గా పవన్ కల్యాణ్ పుట్టినరోజునే, కేంద్రం పబ్‌జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. పొద్దుట్నుంచీ ట్రెండింగ్‌లో మునిగిన మా వీధి పిల్లల మొహాలు ఆ సాయంత్రం చూడాల్సింది.

ఇక ఫ్యాన్ వార్స్ అంటారా, థియేటర్ దగ్గరైతే సీఐ గారుండేవారు. ట్విట్టర్‌లో ఎవరున్నారు?

2022 ఆగస్టు 9న, మహేశ్ బాబు పుట్టినరోజుకి, పోకిరి స్పెషల్ షోలు పడ్డాయి. 2006 నాటి సినిమా, డైలాగులన్నీ అందరికీ కంఠతా. చూడ్డానికే వెళ్లారంటే నేన్నమ్మను. పేపర్లు చించి ఎగరేయడానికి వెళ్లారు.