చప్పుడు చేయని పని

హనుమకొండలో రాత్రి ఏడున్నర అంటే వేసవిలో డాలస్‌లో పొద్దున తొమ్మిది. అమెరికా క్లయింటుతో మీటింగు సరిగ్గా ఆ వేళకే. ఇంటి నుంచే ఐటీ ఉద్యోగం చేసే ఆ ఇంటి కోడలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటుంది. పెద్దమ్మాయి టెన్త్ లెక్కలు పట్టుకొస్తుంది. మాటలు ఆలస్యమైన రెండోవాడు కొంగు వదలడు. మూడో కాన్పులో పుట్టిన కవలలకు ఆకలి. ఇంతలో వంటింట్లోంచి అత్తమ్మ పిలుపు: "ఇంట్లనే ఉన్నవ్ గద బిడ్డా, జర ఆ పాలు చూడరాదు."

సెలవుకు డాలస్ నుంచి దిగిన మరిదికి ఇదంతా వింతగా తోచింది. అక్కడి తెలుగువాళ్లకు ఉమ్మడి కుటుంబం విడతలవారీగా విమానం దిగుతుంది. కాన్పుకు అమ్మ వస్తుంది, విజిటర్ వీసా మీద ఆమె ఉండగలిగే గడువు ముగిసేలోపు అత్తగారు. ఆ తర్వాత డేకేరే గతి. చుట్టూ ఇంతమంది ఉండగా వదినకు ఇబ్బందేమిటన్నది అతని లెక్క. నాలుగు రాత్రులు చూశాక ఆ లెక్క తప్పింది. మనుషులకు కొదవ లేదు. ఆమె పనిలో ఉందన్న సంగతే ఎవరికీ పట్టడం లేదు.

ఊరి పక్కనే మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు 2020 జనవరిలో తెరుచుకున్నాయి. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఐటీవాళ్లందరినీ ఇళ్లకు పంపేసింది. ఆమెదేమో హైదరాబాద్ కంపెనీ, పని అప్పటి నుంచీ ఇంటి నుంచే. వారానికోసారి కాజీపేటలో రైలెక్కి ఆఫీసుకు వెళ్లొస్తుంది. ఆ రోజు మాత్రం ఇంట్లో అందరూ "డ్యూటీకి పోయింది" అంటారు.

నిజానికి పక్కనున్న వరంగల్‌కు ఇంటిపని, బతుకుదెరువు ఒకే కప్పు కింద ఉండటం కొత్త కాదు. అక్కడి కొత్తవాడలో నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అవి పుట్టింది ఇళ్లలోని మగ్గాల మీదే. మగ్గం ఆడుతుంటే వీధికంతా వినిపిస్తుంది. నేసే మనిషిని పాలు చూడమని ఎవరూ అడగరు. అయితే అదే ఇంట్లో మూలన కూర్చుని కండెలు చుట్టిన ఆడమనిషిని మాత్రం అన్నింటికీ పిలిచారు. రాట్నం చప్పుడు గడప దాటదు మరి. లాప్‌టాప్‌కు ఆ కాస్త చప్పుడూ లేదు.

చట్టానిదీ సగం చూపే. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి సెలవును 26 వారాలకు పెంచారు. కానీ అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే. ఆ కాన్పులో కవలలు పుట్టినా అంతే! సెలవు తర్వాత ఇంటి నుంచి పనిచేయొచ్చన్న వెసులుబాటు ఉంది, యజమాని ఒప్పుకుంటేనే. యాభైమంది పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. హైదరాబాద్‌లోని ఆ కేంద్రం హనుమకొండలోని పిల్లలకు ఏం పనికొస్తుంది?

చివరికి దారి చూపింది మామగారే. రిటైరైన లెక్కల మాస్టారు. మీటింగు వేళకు కోడలిని మేడ మీది గదికి పంపి, మెట్ల దగ్గర కుర్చీ వేసుకుంటారు. పెద్దదాని లెక్కలు, రెండోవాడికి స్పీచ్ థెరపీ బొమ్మల కార్డులు ఆయన వంతు. "ఆవు" అని వాడు అనేదాకా కార్డు తిప్పరు. పాలు అత్తమ్మే చూసుకుంటుంది, గొణుక్కుంటూ. నవంబరులో అమెరికా గడియారం గంట వెనక్కి జరిగితే మీటింగు ఎనిమిదిన్నరకు మారుతుంది. ఆయనేమో ఎనిమిదింటికే పడుకుంటారు. దాని సంగతి ఇంకా తేలలేదు.