తొందరపెట్టే సొమ్ము మనది కాదు

బ్యాంకులో వేసి పదేళ్లపాటు ఎవరూ పలకరించని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నడిపే ఒక ప్రత్యేక నిధికి చేరతాయి. డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్ పేరిట 2014లో పెట్టిన ఆ నిధిలో 2023 మార్చి ఆఖరుకు 62,225 కోట్ల రూపాయలుంటే, మరుసటి మార్చికి అది 78,213 కోట్లయింది. షేర్లు, డివిడెండ్లు, బీమా, మ్యూచువల్ ఫండ్లు, పాత పీఎఫ్ ఖాతాలు ఇందులో కలవవు, వాటి లెక్క వేరే. ఇంత డబ్బు పడి ఉందని వింటే కొందరికి ఆశ పుడుతుంది, కొందరికి సర్కారు మింగేసిందన్న అనుమానం వస్తుంది. రెండూ మోసగాడికి పనికొచ్చేవే. ఆశపడేవాడితో ‘మీ పేరున లక్షలున్నాయి’ అంటాడు. అనుమానపడేవాడితో ‘ఈ నెలాఖరు దాటితే పోతాయి’ అంటాడు. ఈ విషయంలో నేను పెట్టుకున్న నియమం ఒకటే: మరచిపోయిన సొమ్ము విషయంలో చట్టం మనల్ని తొందరపెట్టదు, కాబట్టి తొందరపెట్టేవాడు చట్టం తరఫు మనిషి కాడు.

దీనికి ఆధారం నిబంధనల్లోనే ఉంది. నిధికి చేరినంత మాత్రాన డిపాజిట్ మీద హక్కు పోదు. ఖాతాదారు గానీ వారసులు గానీ ఎన్నేళ్ల తర్వాత వచ్చినా ఖాతా ఉన్న బ్యాంకే చెల్లించి, ఆ మొత్తాన్ని నిధి నుంచి రాబట్టుకుంటుంది. ఏడేళ్లు తీసుకోని డివిడెండ్లు ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు, అంటే ఐఈపీఎఫ్‌కు వెళతాయి. వరసగా ఏడేళ్లు డివిడెండ్ అందుకోని షేర్లదీ అదే దారి. ఐఈపీఎఫ్-5 ఫారంతో వాటిని తిరిగి అడగవచ్చు, దానికి ప్రభుత్వ రుసుము లేదు. పదేళ్లు దాటిన బీమా సొమ్ము సీనియర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫండ్‌కు చేరుతుంది, ఆ తర్వాత కూడా 25 ఏళ్లపాటు అడిగే హక్కుంటుంది. గడువంటూ ఉన్నచోట కూడా అది ఒక తరమంత పొడుగు. అలాగని ఊరుకోవడం లాభమేమీ కాదు. వడ్డీ వచ్చే డిపాజిట్లకు నిధిలో 2021 మే నుంచి లెక్కగడుతున్నది ఏటా 3 శాతం సాధారణ వడ్డీ. పెరిగే ధరల ముందు అది నిలవదు. కాబట్టి ఈ వారమే తేల్చెయ్యాలన్న కంగారు అక్కర్లేదు గానీ, ఇంకో పదేళ్లు వదిలెయ్యడం మాత్రం నష్టం.

వెతకడం ఇప్పుడు కష్టమూ కాదు, ఖర్చూ కాదు. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో 2024 మార్చి నాటికి 30 బ్యాంకులు చేరాయి. నిధిలో ఉన్న డిపాజిట్ల విలువలో సుమారు 90 శాతం వాటిదే. పేరుతోపాటు పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, పుట్టిన తేదీల్లో ఏదో ఒకటి ఇస్తే వెతుకుతుంది. మనవాళ్లకు చిక్కు వచ్చేది పేరు దగ్గరే. ఇంటిపేరు ఒక ఖాతాలో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోచోట ఒట్టి పొడి అక్షరంగా ఉంటుంది. పెళ్లయ్యాక ఆడవాళ్ల ఇంటిపేరు మారి ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు గుమస్తా రాసినట్టు ఉంటుంది. ఒక్కసారి వెతికి లేదనుకోకుండా అన్ని రూపాల్లోనూ చూడాలి. జాబితాలో లేని సహకార బ్యాంకైతే నేరుగా బ్రాంచిలోనే అడగాలి. మ్యూచువల్ ఫండ్లకు 2025లో సెబీ తెచ్చిన మిత్ర వేదిక ఉంది. బీమా కంపెనీలు తమ వెబ్‌సైట్లలోనే వెతికే వీలు కల్పించాలి. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది: చూడటం వరకే ఆన్‌లైన్. ఉద్గమ్ ఎవరికీ డబ్బు జమ చెయ్యదు, ఎవరి దగ్గరా రుసుము తీసుకోదు. రాబట్టుకోవడం బ్యాంకులోనో కంపెనీలోనో జరగాల్సిందే.

మోసం సరిగ్గా ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. మనం వెతక్కుండానే కబురు వస్తుంది. ముందు ‘ప్రాసెసింగ్ ఫీజు’, తర్వాత ‘జీఎస్టీ’, ఆపైన ‘ఆర్‌బీఐ క్లియరెన్స్’ అంటూ కట్టించుకుంటారు. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి ఫోన్‌ను చేజిక్కించుకుంటారు. డబ్బు వేస్తామంటూ యూపీఐ పిన్ కొట్టమంటారు. మనకు రావలసిన డబ్బుకు పిన్‌తో పనే లేదు. పాత పాలసీకి బోనస్ వచ్చిందనే ఫోన్ల గురించి హైదరాబాద్‌లోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఎన్నోసార్లు హెచ్చరించింది. తాము పాలసీలు అమ్మేది లేదనీ, బోనస్‌లు ప్రకటించేది లేదనీ చెప్పింది. అవతలివాడు మన పేరు, బ్యాంకు సరిగ్గా చెప్పాడు కదా అని నమ్మడానికీ లేదు. క్లెయిమ్ చెయ్యని ఖాతాల, షేర్ల జాబితాల్లో పేర్లు ఎవరైనా చూడగలిగేలా ఉంటాయి.

ఈ జాగ్రత్తల మీద రెండు అభ్యంతరాలున్నాయి. ఖాతాదారుల ఆచూకీ తియ్యమని బ్యాంకులకు రిజర్వు బ్యాంకే చెప్పింది కాబట్టి వచ్చిన ప్రతి ఫోనూ దొంగది కాదన్నది మొదటిది. నిజమే. అయితే అసలైన ఫోనుకు ‘రేపు బ్రాంచికి వచ్చి మాట్లాడతాను’ అన్న జవాబుతో పోయేదేమీ లేదు, దొంగ ఫోనుకు మాత్రం ఆట కట్టు. రెండోది మరింత బలమైనది: కాగితాల చుట్టూ తిరగలేనివాళ్లు, ముఖ్యంగా అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు ఒకరికి ఫీజు ఇస్తే తప్పేమిటి? పనికి ఫీజు ఇవ్వడం తప్పు కాదు. పాత షేర్ల క్లెయిముకు కంపెనీ సెక్రటరీ సాయం తీసుకోవచ్చు కూడా. కానీ వచ్చిన సొమ్ములో వాటా అడిగేవాళ్లకూ, ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టమనేవాళ్లకూ దూరంగా ఉండాలి. బ్యాంకు డిపాజిట్ల విషయంలో ఆ అవసరం కూడా తగ్గింది. 2025 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, నామినీ లేకపోయినా వారసుల మధ్య తగాదా లేకుంటే వాణిజ్య బ్యాంకులు 15 లక్షల దాకా వారసత్వ సర్టిఫికెట్ అడగకుండా చెల్లించాలి. పత్రాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి.

ఇంట్లో పెద్దల డిపాజిట్లు, పాలసీలు, పీఎఫ్ నంబర్లు ఒకే కాగితం మీద రాసి, ఇంకొకరికి తెలిసేచోట ఉంచండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఆ గడి ఖాళీగా వదలకండి. డబ్బు ముందు కట్టమన్నవాడి ఫోను పెట్టెయ్యండి. పొరపాటున కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి. ఈ మొత్తం వ్యవహారంలో తొందరపడాల్సింది అక్కడొక్కచోటే.