చెట్టుకు పాలిస్టర్ మొక్కు

ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ వైపు మాడ్రన్ అనే ఊరి దగ్గర ఒక పవిత్రమైన ఊట ఉంది. పక్కనున్న చెట్లకి జనం మొక్కుకుని గుడ్డపీలికలు కడతారు, మన గుళ్లలో ముడుపుల్లాగే. పీలిక చివికి రాలిపోతుంటే ఒంట్లో జబ్బు కూడా పోతుందని పాత నమ్మకం. మరి ఇప్పుడు కొందరు కట్టే పాలిస్టర్ రిబ్బను ఎప్పటికి చివికేను? పైగా కొమ్మ లావెక్కేకొద్దీ ఆ ముడి బెరడులోకి కోసుకుపోతుంది.

ప్రకృతినే దైవంగా కొలిచే పేగన్లలో కొందరు ఇలాంటి చోట్లకి వాలంటీర్లుగా వెళ్లి నైలాన్ ముడులు విప్పుతారు, చెత్త ఏరుతారు. వాళ్ల లెక్కలో అదీ పూజే. చెట్లకే కాదు, రాళ్లకీ ఇలాంటి బాధే: విల్ట్‌షైర్‌లో వెస్ట్ కెన్నెట్ అనే అయిదు వేల ఏళ్లు దాటిన రాతి సమాధి ఉంది. అక్కడ భక్తులు వెలిగించే బుల్లి కొవ్వొత్తుల సెగకి రాళ్లు దెబ్బతింటున్నాయి. భక్తి ఎక్కువైనా కష్టమేనండీ!

నాకు బాగా నచ్చింది మాత్రం ముడులు విప్పేవాళ్ల ధైర్యం. పరాయివాళ్ల పీలిక విప్పితే వాళ్ల జబ్బు మనకి అంటుకుంటుందని కూడా ఇలాంటి ఊటల విషయంలో ఓ పాత భయం ఉంది మరి. అయినా విప్పుతున్నారు. మన రావిచెట్లకి వేలాడే ప్లాస్టిక్ సంచుల మీద చెయ్యి వేసేదెవరో?