ఆముదమైతే ఎరిగినదే

హోసూరులో ఉండే మా అక్కకు రొమ్ము క్యాన్సరని తేలింది. చికిత్స బెంగళూరులో. ఎక్కించేది నానో మందని డాక్టరు గారన్నారు. రక్తంలో ఈదే బుల్లి యంత్రాల కథలు మనవడి నోట విని ఉంది అక్క. బెదిరిపోయింది.

"అవి లోపలే నిలిచిపోతాయేమిరా? రేపు నేను నేనేనా?"

నవ్వబోయి ఆగాను. డాక్టర్ని మింగేస్తే సరి అని ఒక మిత్రుడన్న మాటను ఫైన్‌మన్ 1959లోనే సభలో చెప్పాడు. ఆ ఆశ వెంటే ఈ బెదురూ పుట్టి ఉంటుంది. అక్క సీసాలో యంత్రమేమీ లేదు. పాక్లిటాక్సెల్ అనే మందు నీళ్ళలో కరగదు. పాత పద్ధతిలో ఆముదం నుంచి చేసిన ద్రావకంలో కలుపుతారు. అది కొందరికి పడదు. ఇందులో మందును మనిషి రక్తంలో ఉండే ఆల్బుమిన్‌తోనే జతచేసి, సుమారు 130 నానోమీటర్ల రేణువులు చేస్తారు. మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు. రక్తంలో కలిశాక ఆ రేణువులు విడిపోతాయి. అమెరికాలో 2005లోనే అనుమతించారు.

అంతా విని, "ఆముదమైతే ఎరిగినదే కదరా. తాగినాను, తలకూ పెట్టినాను" అంది.

మూడోవారం దువ్వెన నిండా జుట్టు వచ్చింది. ఊడుతుందని డాక్టరు గారు నాతో ముందే చెప్పారు. రేణువుల కొలతలన్నీ వల్లించినవాణ్ణి, అక్కకు ఆ ఒక్క ముక్కా చెప్పలేదు.